పదిహేడు గులాబీలు

నాచారంలో బాలరాజు ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పరు. మిక్సింగ్ బాలరాజు అనాలి. అప్పుడు ఛాయ్ బండి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా చెయ్యి చాపి సందు చూపిస్తారు. పెళ్లి వీడియోను కత్తిరించి, అతికించి, పేర్లు వేసి, పాటలు పెట్టి సీడీ చేసి ఇచ్చే పనిని మా దగ్గర మిక్సింగ్ అంటారు. ఎడిటింగ్ అనేది సినిమావాళ్లు చేసేది. అది చేసినవాడి పేరు తెర మీద పడుతుంది. మిక్సింగ్ చేసినవాడికి తిట్లు పడతాయి.

నేను కెమెరా పట్టేవాణ్ణి. పేరు భూపాల్, సొంతూరు ఉప్పలే. మా తాత దున్నిన చెలకలో ఇప్పుడు ఫంక్షన్ హాలు లేచింది. ఆ హాల్లోనే నేను కెమెరా భుజాన వేసుకుని ఎవరెవరి పెళ్లిళ్లో తీస్తుంటాను. దీనికి నవ్వాలో ఏడవాలో నాకిప్పటికీ తెలియదు. నేను తీసిన క్యాసెట్లన్నీ బాలరాజు దగ్గరికే పోయేవి. పన్నెండేళ్లు కలిసి పనిచేశాం. అతని గురించి రాయడానికి నాకున్న అర్హత అదొకటి. అతను చేసిన తప్పులో నాకూ వాటా ఉండడం రెండోది.

వాళ్లది జనగామ దగ్గర పల్లె. తండ్రి రాజయ్య మల్లాపూర్‌లో ఇనుము పోతపోసే కార్ఖానాలో కుదిరి కుటుంబాన్ని తెచ్చుకున్నాడు. ఆ పొగకు ఛాతీ చెడి, తొంభై తొమ్మిదిలో పోయాడు. అప్పటికి బాలరాజుకు ఇరవై మూడేళ్లు, చెల్లెలు పద్మశ్రీకి పదిహేను. తల్లి సాలమ్మ మందుల సీసాలకు లేబుళ్లు అంటించే పనికి పోయి ఇల్లు నడిపింది. పిల్లలిద్దరూ పల్లె అలవాటు కొద్దీ తల్లిని అవ్వా అనే పిలిచేవారు. సాలమ్మ ఇంట్లో ఉన్నా ఉన్నట్టు తెలిసేది కాదు. నేనూ బాలరాజూ కంప్యూటర్ ముందు కూర్చుని కొట్లాడుకుంటుంటే పక్కన రెండు ఛాయ్ గ్లాసులు ఉండేవి. ఆమె ఎప్పుడు పెట్టి పోయిందో ఇద్దరం చూసేవాళ్లం కాదు.

బాలరాజు టీవీలు బాగుచేసే పనిలోంచి మిక్సింగ్‌లోకి వచ్చాడు. ముందుగదే అతని దుకాణం. సాఫ్ట్‌వేర్ ఎవరో ఇచ్చిన దొంగ సీడీ. అది రోజుకు నాలుగుసార్లు కొయ్యబారిపోయేది. నేనైతే కీబోర్డును గోడకేసి కొట్టేవాణ్ణి. బాలరాజు కొట్టడు, తిట్టడు. పక్కనున్న పొడుగు నోటు పుస్తకం తెరిచి రాస్తాడు. అట్ట మీద స్కెచ్ పెన్నుతో ‘సాఫ్ట్‌వేర్‌లో ఉండవలసినవి’ అని పెద్దక్షరాలు. లోపల నంబర్లు వేసి ఉండేవి.

మొదటి నంబరు కరెంటు మీద. మధ్యాహ్నం రెండింటికి మా దగ్గర కరెంటు పోవడం సూర్యుడు నడినెత్తికి రావడమంత ఖాయం. మూడు గంటల పాటు ముక్కలన్నీ కలిపి ఒక్క బొమ్మగా కంప్యూటర్ వండుతూ ఉంటుంది. నూటికి తొంభై నాలుగు అయ్యాక కరెంటు పోతే మళ్లీ సున్నా నుంచి వండాలి. ‘ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలు కావాలి’ అని రాశాడు. ఇంకోచోట, ‘పెండ్లికొడుకు పేరులో ఒక్క అక్షరం మార్చితే ఆ అక్షరం మటుకే మళ్లీ చేయాలి, రెండు గంటల పెండ్లి అంతా మళ్లీ చేయవద్దు.’ ఇంకోచోట, ‘రెండు కెమెరాలతో తీస్తే బాజా చప్పుడు విని తనే రెండింటినీ కలుపుకోవాలి.’ నాలుగేళ్లలో నంబర్లు నలభై దాటాయి.

ఉప్పల్‌లో ఇంటర్నెట్ సెంటర్‌కు పోయి, తెలిసినాయనతో ఇంగ్లీషులో రాయించి, ఆ నలభైనీ ఆ సాఫ్ట్‌వేర్ చేసిన కంపెనీకి పంపించాడు కూడా. నేను పడీ పడీ నవ్వాను. “టికెట్ లేకుంట రైలెక్కి, సీటు మెత్తగ లేదని గార్డుకు కంప్లెంట్ ఇచ్చినట్టున్నది తమ్మీ నీ కథ” అన్నాను.

“నవ్వుతే నవ్వన్నా. పని జేసేటోనికే తెలుస్తది పనిముట్టు ఎట్లుండాల్నో. ఆల్లు తయారు జేస్తరు గని పెండ్లి మిక్సింగ్ జేస్తరా ఏంది?” అన్నాడు.

కంపెనీ జవాబు ఇవ్వలేదు. బాలరాజు రాయడం మానలేదు.

2004 ఎండాకాలంలో పద్మశ్రీ పెళ్లయింది. మంచి సంబంధం, సిద్దిపేటలో బట్టల దుకాణం. కెమెరా నాది, మిక్సింగ్ బాలరాజుది. ఇద్దరం ఇంటిపని అనుకుని ప్రాణం పెట్టి చేశాం. కన్యాదానం చిన్నాయన, చిన్నమ్మ చేశారు. భర్త పోయిన మనిషి పీటల దగ్గరికి రావద్దని ఎవరూ సాలమ్మతో అనలేదు. అనవలసిన అవసరం లేకుండా ఆమె స్తంభం వెనక నిలబడింది.

మిక్సింగ్‌లో ఒక పద్ధతి ఉంది. సీడీ చేసే ముందు పెళ్లివాళ్లు ఒకరిద్దరు వచ్చి మిక్సింగ్ చేసేవాడి పక్కన కూర్చుని చూస్తారు. మా మేనమామను ఇంకా చూపించు, మాకు మాటల్లేని వాళ్లను తీసెయ్యి అని చెబుతారు. ఆ రోజు పద్మశ్రీ అత్తగారు వచ్చి కూర్చుంది. నేనూ ఉన్నాను. ఆమె చెడ్డ మనిషి కాదు, కోడలికి గాజులు కొని తెచ్చింది. పుస్తె కట్టే ఘట్టం రాగానే తెర మీద ఒక మూలకు వేలు పెట్టింది.

“గీడ మీ అవ్వ కనవడుతున్నది బాలరాజూ. ఏమనుకోకు. గీ సీడీ మా సుట్టాలందరు సూస్తరు. పుస్తె కట్టేటప్పుడు ఎనుక ఆమె నిలవడుడు మంచిగనిపిస్తలేదు. రేపు పిల్లకు తలనొచ్చినా గదే అంటరు. మొత్తం మీద యాడున్నా తీసెయ్యి, పిల్ల మంచికే చెప్తున్న.”

బాలరాజు నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. ఆ ఒక్క క్షణంలో నేను నోరు తెరిస్తే ఏమయ్యేదో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను. చెల్లెలు ఆ ఇంట్లో బతకాలి. రేపు నిజంగా ఏదైనా జరిగితే, సీడీలో తల్లి నీడ పడ్డందుకే అంటారు. అతను సరే అన్నాడు.

సాలమ్మ ఎక్కడెక్కడ ఉందో వెతికి తీశాడు. మధ్యలో ముక్క తీసేస్తే బొమ్మ ఎగిరినట్టవుతుంది. అందుకని తీసిన చోటల్లా ఎర్ర గులాబీ పెట్టాడు. ఆ రోజుల్లో పెళ్లి సీడీల్లో అదే షోకు, గులాబీ గిర్రున తిరుగుతూ వచ్చి తెరంతా నిండి, విచ్చుకుని, మళ్లీ పెళ్లి కనిపిస్తుంది. చూసేవాళ్లకు అందంగానే ఉంటుంది. ఆ వెనక ఒక మనిషి పోయిందని ఎవరికి తెలుస్తుంది?

హార్డ్ డిస్కు చిన్నది, మరునాడు ఇంకో పెళ్లి ఎక్కించాలి. అలవాటు ప్రకారం బొమ్మలన్నీ చెరిపేశాడు. క్యాసెట్లు నాకు తిరిగి ఇచ్చాడు. నేనూ అలవాటు ప్రకారం వాటి మీదనే ఇంకో ఫంక్షన్ తీశాను. లోకంలో మేమిద్దరమే చేసిన తప్పు కాదది, మా వృత్తిలో అందరూ అట్లానే చేసేవాళ్లు. ఆ మాట నాకు ఇప్పుడు ఓదార్పు కాదు.

పద్మశ్రీ సీడీ చూసి, “అవ్వ యాడ కనిపిస్తలేదేందన్నా?” అని అడిగిందట. “కెమెరాల పడలేదు చెల్లె” అన్నాడట బాలరాజు. సాలమ్మ కూడా ఒకసారి కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చూసింది. “మంచిగొచ్చింది కొడుకా” అని లేచి గిన్నెలు తోముకోవడానికి పోయింది.

2011 సెప్టెంబరులో సాలమ్మ పోయింది. మూడు రోజులు జ్వరం, దవాఖానాలో ఒక రోజు, అంతే. సకల జనుల సమ్మె నడుస్తోంది, బస్సులు లేవు. పద్మశ్రీకి పొద్దున ఎనిమిదింటికి ఫోను చేశాం. సాయంత్రానికల్లా ఎట్లాగైనా వస్తా, ఉంచండి అన్నది. మధ్యాహ్నానికి శవాన్ని ఇంటికి తెస్తే గేటు దగ్గర ఇంటి ఓనరు జనార్ధనరావు నిలబడి ఉన్నాడు.

“బాలరాజూ, నువ్వు మంచోనివే. గని శవం లోపలికొస్తే ఏడాది దాకా మేం ఇంట్ల దీపం పెట్టుకోవద్దు. జర అర్థం జేసుకో.”

పదేళ్లుగా ఆ ఇంటి ముందు ముగ్గు వేసిన మనిషి ఆమె. నాకు వచ్చిన కోపానికి ఆయన గల్లా పట్టేవాణ్ణే, బాలరాజే నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎందుకంటే రేపు కూడా అతను ఆ ఇంట్లోనే ఉండాలి. రోడ్డు పక్కన, కరెంటు స్తంభం నీడలో బల్ల వేసి పడుకోబెట్టాం. ఎండ స్తంభం దాటింది. ఈగలు ముసిరాయి. మూడు దాటాక పెద్దమనుషులు ఇక లాభం లేదన్నారు. నాలుగింటికి చితి అంటించాం. పద్మశ్రీ జీపు, ఆటో, మళ్లీ ఆటో మారి వచ్చేసరికి ఐదున్నర. తల్లిని కాదు, పొగను చూసింది.

పదో రోజు ఆమె అన్నను పక్కకు పిలిచి అడిగింది. నేను విన్నాను.

“అన్నా, ఇంట్ల అవ్వది రేషన్ కార్డు ఫొటో తప్ప ఏం లేదు. గది అవ్వ తీరుగ లేదు. నా పెండ్లిల తీసినవాట్ల యాడనో ఒకకాడ ఉంటది, దేవులాడు. నడుస్తున్నట్టు ఒక్కసారి సూడాలె. ఆఖరు సూపన్నా దక్కలే నాకు.”

బాలరాజు సరే చెల్లె అన్నాడు. అదే గొంతుతో ఏడేళ్ల కింద వియ్యపురాలికి సరే అనడం నేను విన్నాను.

మరునాడు పోతే పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు. పెళ్లి తాలూకు బొమ్మలు చెరిపేసినా, ఏ ముక్క ఎక్కడ అతికించాడో చెప్పే లెక్క మాత్రం ఒక చిన్న ఫైలుగా మిగిలి ఉంది. దాన్ని తెరిచాడు. వరుసగా ముక్కలన్నీ వచ్చాయి, ఏది ఎన్ని సెకన్లో, ఎక్కడ కత్తి పడిందో అంతా ఉంది. బొమ్మ మాత్రం లేదు. ప్రతి ముక్కలోనూ ఎర్రగా, బొమ్మ దొరకడం లేదని ఇంగ్లీషు అక్షరాలు. ముక్కల మధ్య గులాబీ పెట్టిన గుర్తులు మాత్రం ఉన్నాయి, పదిహేను, పదహారు అనుకుంటూ నేను వాటిని లెక్కపెడుతున్నాను.

“పదిహేడన్నా” అన్నాడు బాలరాజు. నోటు పుస్తకం నా ముందుకు జరిపాడు.

ఇరవై ఎనిమిదో నంబరు. తేదీ చూస్తే పద్మశ్రీ అత్తగారు వచ్చిపోయిన రోజే. ‘మనిషిని ఒక్కసారి వేలుతో చూపిస్తే, ఆ మనిషి ఎక్కడెక్కడ ఉన్నా సాఫ్ట్‌వేరే వెతికి తీసేయాలి. ఇప్పుడు ఒక్కొక్కటి చేత్తో తీయవలసి వస్తోంది. పదిహేడు సార్లు తీసినాను. మనిషి చేత్తో చేసే పని కాదు ఇది.’

అందులో ‘తీసేయాలి’ అన్న మాటను కొత్త పెన్నుతో కొట్టేసి, పైన ‘వెతికి పెట్టాలి’ అని రాసి ఉంది. కింద ఇంకా తడి ఆరని కొత్త నంబరు: ‘తీసేసిన ముక్కలను పారేయవద్దు. చెరిపే ముందు రెండుసార్లు అడిగితే చాలదు, ఏడేళ్ల తర్వాత కూడా ఒకసారి అడగాలి.’

ఇంటికి పోయి నా క్యాసెట్ల ట్రంకు దించాను. ఒక్కో క్యాసెట్ మీద ఏడెనిమిది ఫంక్షన్లు ఎక్కి దిగినవి. ప్రతిసారీ పాత కాగితం మీదనే కొత్త కాగితం అంటించేవాణ్ణి. వాటిని నీళ్లతో తడిపి ఒక్కో పొరా ఒలిచాను. నలభై రెండు క్యాసెట్లలో ఒకదాని మీద, బోడుప్పల్ ఓణీల ఫంక్షన్ కింద, నా చేతిరాతతో ‘పద్మశ్రీ’ అని ఉంది. నా ఆశ ఒక్కటే. ఓణీల ఫంక్షన్ పెళ్లి కంటే కొంచెం పొట్టిదైతే, టేపు చివర పాతది కొంచెం మిగిలి ఉంటుంది. కెమెరాలో వేసి చివరి దాకా తిప్పాను. ఓణీ పిల్ల టాటా చెప్పింది. తెర ఒక్క క్షణం నీలంగా మారింది. తర్వాత పదకొండు సెకన్లు సాలమ్మ.

నేను ఆ గదిలో ఒక్కణ్ణే ఏడ్చాను. తర్వాత బాలరాజుకు ఫోను చేశాను.

నెల మాసికానికి పద్మశ్రీ వచ్చింది. మాసికం వంటలు తిని చుట్టాలు పోయాక, ముందుగదిలో టీవీకి కెమెరా తగిలించాను. పద్మశ్రీ కింద చాప మీద టీవీకి జానెడు దూరంలో కూర్చుంది. బటన్ నొక్కాను.

సాలమ్మ స్తంభం పక్కన నిలబడి ఉంది. చేతిలో పద్మశ్రీ చెప్పులు. కెమెరా తన వైపు తిరగడం చూసింది. కొంగు మొహం మీదికి లాక్కుంది. “నన్నెందుకు బిడ్డా, పిల్లను దియ్యి” అన్నది. ఆమె బిడ్డా అన్నది నన్నే. ఒక్క అడుగు వేసి స్తంభం వెనక్కి తప్పుకుంది. కెమెరా బుద్ధిగా పెళ్లికూతురి వైపు తిరిగింది. అయిపోయింది.

మళ్లీ వేయమన్నది. ఆరుసార్లు వేశాను. ఆరోసారి పద్మశ్రీ టీవీ మీద చెయ్యి పెట్టి ఏడ్చింది. ఏడ్చి, కళ్లు తుడుచుకుని అన్న వైపు తిరిగింది.

“నేను నిన్ను మస్తు అనుమానపడ్డనన్నా. మా అత్త ఏమన్న జెప్పి తీపిచ్చిందేమో అనుకున్న. అవ్వనే తప్పుకున్నది గదా. నువ్వేం జేస్తవ్?”

నేను బాలరాజుకు కనుసైగ చేశాను. ఊకో అని. దేవుడిచ్చిన దారి అది. ఆ పదకొండు సెకన్లు అతని అబద్ధానికి సాక్ష్యం చెప్పాయి. చెల్లెలికి తల్లి దొరికింది, అన్న మీద మనసు విరగలేదు. ఇంతకంటే ఏం కావాలి? నా బుద్ధి ఎప్పుడూ అంతే, కెమెరా అటు తిప్పమంటే అటు తిప్పుతాను.

బాలరాజు చెల్లెలి వైపు తిరిగాడు.

“గాదు చెల్లె. గీ ఒక్కసారే తప్పుకున్నది. మిగిలినకాడ నేనే తీసిన. మీ అత్త జెప్పిందని తీసిన. పదిహేడు సార్లు.”

పద్మశ్రీ తిడుతుందనుకున్నాను, కొడుతుందని కూడా అనుకున్నాను. లేచి బీరువా మీది సీడీల డబ్బా దించింది. తన పెళ్లి సీడీ తీసి నా చేతికిచ్చింది. “పెట్టన్నా” అన్నది నాతో. రిమోట్ తీసుకుని చాప మీద కూర్చుంది.

బాజాలు మొదలయ్యాయి. ఎదురుకోళ్లు, పూలదండలు, నవ్వులు. మొదటి గులాబీ తిరుగుతూ వచ్చి తెర నిండింది. పద్మశ్రీ అక్కడ ఆపింది.

“గీడ?” అన్నది.

బాలరాజుకు మొదట అర్థం కాలేదు.

“గీడ అవ్వ ఏం జేస్తున్నది?”

“నీ... నీ బుగ్గ సుక్క చెదిరిందని దూరంకెల్లి చిన్నమ్మకు సైగ జేస్తున్నది.”

సీడీ కదిలింది. రెండో గులాబీ. ఆగింది.

“గీడ?”

“పీటల మీదికెల్లి నువ్వు ఎనుకకు తిరిగి సూసినవ్. అవ్వ కోసమే. ఆమె ముంగటికి సూడుమని చెయ్యి జూపెట్టింది.”

మూడోది, పుస్తె కట్టేటప్పుడు. అందరూ అక్షింతలు వేస్తుంటే సాలమ్మ పిడికిట్లో అక్షింతలు పట్టుకుని వేయకుండా నిలబడిందట. నాలుగోది, ఆ అక్షింతలను కొంగున ముడి వేసుకుంటోందట. మిక్సింగ్ చేసేవాడికి తాను ఉంచినవి గుర్తుండవు, తీసినవే గుర్తుంటాయని బాలరాజు ఎప్పుడో నాతో అన్నాడు. అది నిజమని ఆ రోజు చూశాను. ఐదు, ఆరు, ఏడు. అతను కళ్లు మూసుకుని చెబుతున్నాడు, పద్మశ్రీ గులాబీ వైపు కళ్లార్పకుండా చూస్తోంది. తినేటప్పుడు అందరి విస్తళ్లూ చూస్తూ తిరగడం, ఎవరి పసిపిల్లనో ఎత్తుకోవడం, అప్పగింతల్లో మాత్రం పిల్లను పట్టుకోవడానికి రెండడుగులు ముందుకు వచ్చి ఆగిపోవడం. అక్కడ నేను లేచి బయటికి పోదామనుకున్నాను.

పదకొండో గులాబీ వచ్చి తెర నిండింది. ఆగింది.

“గీడ?”

బాలరాజు కళ్లు తెరిచాడు. తెర వైపు చూశాడు. నోటు పుస్తకం అందుకుని ఇరవై ఎనిమిదో నంబరు దాకా పేజీలు తిప్పాడు. అందులో పదిహేడు అన్న అంకె తప్ప ఇంకేమీ లేదు.

“గీడ, అన్నా?”

“యాదికొస్తలేదు చెల్లె.”

“యాది జేస్కో.”

“వస్తలేదు. తర్వాతది జెప్త, పోనియ్యి.”

పద్మశ్రీ పోనివ్వలేదు. రిమోట్ ఆమె ఒళ్లోనే ఉంది. తెర మీద గులాబీ అట్లాగే ఉంది. రెండింటికి కరెంటు పోయేదాకా ముగ్గురం దాని ముందే కూర్చున్నాం.